మా గోడమీది రూటర్ ఎవరిది?

కళ్ళజోళ్ళ దుకాణం,
అద్దాలు అరగదీసే బల్ల దగ్గర

గడుగ్గాయి మరదలికి,

ఉత్తరమేమిటి, వదినకి మతి గానీ పోయిందా అని కంగారుపడకు. ఇంట్లో ఫోన్ మాట్లాడదామంటే మన మూడు గదుల్లో ఏ మూల గుసగుసలాడినా మీ నాన్నగారికి వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే నా ఫోన్‌కి వచ్చినవన్నీ ఆయన చదువుకునే టాబ్లెట్‌లో కూడా టింగుమనేలా ఆయనే అమర్చిపెట్టారు. "ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందమ్మా" అని. పోనీ దుకాణం నుంచి చేద్దామా అంటే, ఫోన్ ముట్టుకుంటే మా యజమాని కళ్ళెర్రజేస్తాడు. కాగితం మీద రాస్తుంటే మాత్రం ఎవరి కంటి నంబరో రాసుకుంటున్నాననుకుంటాడు. అందుకని ఇదే దారి. నువ్వూ ఈ దుకాణం చిరునామాకే రాయి.

సంగతేమిటంటే, మీ ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు మా బిల్డింగ్ గేటుకి ఒక కాగితం అంటించి పోయారు. ప్రయోగం కింద మా బిల్డింగ్‌ని ఎంచుకున్నారట. ఇళ్ళల్లో ఉన్న సొంత రూటర్లన్నీ పక్కన పెట్టించి, కంపెనీ రూటర్లే బిగిస్తారట. వాటి మంచీచెడ్డా అంతా అక్కడ కూర్చుని కంపెనీయే చూసుకుంటుందట. "మీరు ఏమీ చేయనక్కరలేదు" అని కింద పెద్దక్షరాలు.

మామగారు ఆ కాగితం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఏమీ అనకుండా మెట్లెక్కి వచ్చేశారు. ఆయన ఏమీ అనలేదంటే నాకు భయం.

నువ్వు ఇక్కడికి వచ్చి చాలాకాలమైంది కాబట్టి నీకు పూర్తిగా తెలియదు. లిఫ్టు మెకానిక్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయనకి కాళ్ళూచేతులూ ఆడలేదు. మా బిల్డింగ్ లిఫ్టు మీద చెయ్యి వేయబోతే కాంట్రాక్టువాడు ఒప్పుకోలేదు. అప్పుడు పట్టారు ఈ రూటర్లని. ఇప్పుడు ఏ వాటాలో నెట్ ఆగినా మా తలుపే తడతారు. చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ లేనిదే ఆయన గుమ్మం దాటరు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే ఇంటింటికీ తిరిగి డబ్బాలన్నీ గంటసేపు ఆపి, దుమ్ము దులిపి, వైర్లు చూసి, ఒక్కోదానికి "తనిఖీ జరుగుచున్నది" అని అట్టముక్క తగిలిస్తారు. లిఫ్టులకి చేసినట్టే. "ఆగడం రాని యంత్రాన్ని నమ్మకూడదు" అంటారు. జనం కూడా అలవాటుపడిపోయి ఆ గంటా నిద్రపోతారు.

నువ్వు పనిచేసేది సరిగ్గా ఆ విభాగంలోనే కదా. మా బిల్డింగ్‌ని ఎంచిన ఆ మహానుభావుడెవరో కనుక్కుని చెవి మెలెయ్యి. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అర్ధ అధికారమైనా ఇప్పుడు వాడి చూపించు.

నీ రాక కోసం కాకపోయినా నీ జవాబు కోసం చూస్తూ,
వదిన


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు,
కిటికీ పక్క కుర్చీ

అరుంధతీ నక్షత్రంలాంటి వదినకి (కాస్త పొగిడితే కోపం తగ్గుతుందని),

నీ ఉత్తరం మా ఆఫీసులో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. కవరు మీద స్టాంపు చూసి అందరూ మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూశారు.

వదినా, మా వైపు కథ కూడా విను. ఇక్కడ రోజంతా మాకు వచ్చే ఫోన్లలో సగం, జనం కొనుక్కున్న సొంత రూటర్ల గురించే. ఒకాయన దొంగలు ఎత్తుకుపోతారని రూటర్‌ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "నెట్ బీరువాలోనే వస్తోంది, బయటికి రావడం లేదు" అని మామీద గొడవ. ఒకావిడ చేపల తొట్టి మీద పెట్టింది, చేపలకి వెచ్చగా ఉంటుందని. ఇంకొకాయన దీపాలు మిణుకుమంటుంటే నిద్ర పట్టడం లేదని వాటికి రంగు పూశాడు, ఆ రంగు లోపలికి కారింది. ఇవి నవ్వుకునేవి. నవ్వుకోలేనివి కూడా ఉన్నాయి. ఏళ్ళ తరబడి అప్‌డేట్ లేని డబ్బాలోంచి ఎవడో దూరి, ఒక ముసలావిడ ఇంట్లో కెమెరాలోంచి ఆమెతోనే మాట్లాడాడట. ఆవిడ దడుచుకుని వారం రోజులు ఇంట్లోకి వెళ్ళలేదు.

అందుకే నేననేది, డబ్బా మేమే ఇచ్చి మేమే చూసుకుంటే మంచిదని. నా ముందు తెర మీద ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా ఉంటే లేనట్టు. వాళ్ళు ఫోన్ చేసేలోపే మేము బాగుచేసేస్తాం. ఈ పద్ధతి ఊళ్ళన్నిటికీ పెట్టాలా వద్దా అని రిపోర్టు రాయాల్సింది నేనే. మా ఆఫీసు పెద్దాయన నా మెడ మీద కూర్చున్నాడు.

ఇకపోతే నాన్న. మోకాళ్ళ నొప్పులతో ఆయన ఎందుకు వదినా అన్ని మెట్లూ ఎక్కిదిగడం? హాయిగా కూర్చోమను.

మీ బిల్డింగ్‌ని ఎవరు ఎంచారంటావా? అలాంటివి కంప్యూటరే ఎంచుతుందిలే. నేను ఈ పనిలో ఉన్నానని మాత్రం నాన్నకి ఇప్పుడే చెప్పకు. కంపెనీలో ఏదో కుర్చీలో కూర్చుంటానని మాత్రమే ఆయనకి తెలుసు. అలాగే ఉండనీ.

అన్నయ్య గురక తగ్గిందా?

నీ తిట్లకు సిద్ధంగా,
గడుగ్గాయి


కళ్ళజోళ్ళ దుకాణం,
వాన పడుతోంది, బేరాల్లేవు

మరదలా,

మీ డబ్బాలు వచ్చాయి. ఇద్దరు మనుషులు వచ్చి ఒక పూటలో బిల్డింగ్ మొత్తానికి బిగించి పోయారు. తెల్లగా, నున్నగా, సబ్బుబిళ్ళలా ఉన్నాయి. మామగారు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు, బోర్లించారు.

"ఏం వెతుకుతున్నారు మామయ్యగారూ?" అన్నాను.

"స్క్రూ ఎక్కడుందా అని."

"ఉండదండీ, ఇది విప్పేది కాదు" అన్నాడు వచ్చినతను.

"విప్పకుండా ఎలా చూస్తారు బాబూ?"

"మేం అక్కడినుంచే చూస్తామండీ."

"అంటే, మీకు కనబడుతుంది, మాకు కనబడదు" అన్నారు. అని, వాళ్ళకి టీ పెట్టమని నాతో చెప్పారు. మర్యాదకేం లోటు చేయలేదు.

ఇక నిజం చెప్పమంటావా? కోప్పడకూడదు గానీ, బాగుంది. మీ అన్నయ్య సినిమా చూస్తుంటే మధ్యలో గుండ్రంగా తిరిగే సుడి రావడం లేదు. కింది వాటా లెక్కల టీచరమ్మ పిల్లలకి నెట్‌లో పాఠాలు చెబుతుంది కదా, "ఈ వారం ఒక్కసారి కూడా తెగలేదండీ" అని ఎదురొచ్చి మరీ చెప్పింది. పైవాటా పళ్ళ డాక్టరైతే ఏకంగా మీ కంపెనీ రూటర్‌కి దండం పెట్టేస్తున్నాడు. పాస్‌వర్డ్ మార్చాలంటే మాత్రం మీకే ఫోన్ చెయ్యాలట, అదొక్కటి నాకు నచ్చలేదు. మా ఇంటి తలుపు గడియ వేసుకోవడానికి ఊరవతలివాళ్ళ అనుమతేమిటి? అయినా రోజూ మార్చేది కాదు గనక సరిపెట్టుకున్నాను.

ఉత్తరం రాసి నేను నిన్ను ఆడిపోసుకున్నదంతా వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

మామగారు బాగానే ఉన్నారు. ఏదో చదువుకుంటూ కూర్చుంటున్నారు. మోకాళ్ళకి విశ్రాంతి దొరికిందిలే.

కంప్యూటర్ ఎంచిందన్నావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. సరేలే.

ఇట్లు,
సగం క్షమించిన వదిన


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు,
పెద్దాయన గది బయట బెంచీ

వదినా,

ఈసారి వేళాకోళాల్లేవు. కొంప మునిగేలా ఉంది.

ప్రయోగానికి తీసుకున్న బిల్డింగులన్నీ బాగున్నాయి. మీదొక్కటే బాగాలేదు. వారానికి ఒకటో రెండో డబ్బాలు చచ్చిపోతున్నాయి. చచ్చిపోవడమంటే మామూలుగా కాదు, దీపం లేదు, ఊపిరి లేదు. మార్చి కొత్తది పెట్టిస్తే, మళ్ళీ వారానికి పక్క వాటాలోది పోతోంది. పోయిన సోమవారం పొద్దున నేను వచ్చి తెర చూస్తే, మీ బిల్డింగ్ చుక్కల్లో ముప్పాతిక ఎర్రగా ఉన్నాయి.

మా ఇంజినీర్లు తలలు పట్టుకున్నారు. ఒకడు కరెంటంటాడు, ఒకడు వానంటాడు, ఒకడు ఎలకలంటాడు. తేలిందేమిటంటే, మేం ప్రతి ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని పడుకునే వేళ చూసి అప్‌డేట్ పంపుతాం. అంటే డబ్బా లోపలి పాత రాతని చెరిపి కొత్తది రాస్తాం. పాతది చెరిగి కొత్తది పూర్తికాకముందు కరెంటు పోయిందా, ఇక ఆ డబ్బా కాగితాల మీద బరువు పెట్టుకోవడానికే పనికొస్తుంది. మీ దగ్గర సరిగ్గా ఆ సమయంలోనే, వాటా తర్వాత వాటా, ఎవరో వరుసగా పీకేస్తున్నారు.

మా పెద్దాయన "ఇది పనిగట్టుకుని చేస్తున్న అల్లరి" అంటున్నాడు. ప్లగ్గు దగ్గరకి చెయ్యి పోకుండా ప్రతి డబ్బాకీ ఇనప జాలీ వేసి తాళం వేస్తాడట. తాళంచెవి కంపెనీ దగ్గరట. ఆ పని చేసినవాడెవడో తేలితే నోటీసు ఇస్తాడట.

నీకేమైనా తెలుసా? అక్కడ గిట్టనివాళ్ళెవరైనా ఉన్నారా?

వెంటనే రాయి,
నేను


కళ్ళజోళ్ళ దుకాణం,
కిటికీ బల్ల

మరదలా,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఎదురుగా కూర్చుని కంటిపరీక్ష చేయించుకుంటున్నాయన, తను చదివిన అక్షరం తప్పేమోనని సిగ్గుపడిపోయాడు.

మీ అల్లరివాడు, మీ గిట్టనివాడు, మీ పెద్దాయన నోటీసు ఇవ్వబోయేవాడు ఎవరో తెలుసా? మీ నాన్న!

ఆదివారం తనిఖీ ఆయన మానలేదే తల్లీ! మొదటి ఉత్తరంలో నేను రాశాను కూడా. నువ్వు నీ బీరువా కథలు చెప్పే ఉత్సాహంలో పట్టించుకోలేదు. నాకు మాత్రం తట్టిందా? గోడగడియారం గంటలు కొడితే ఎవరైనా వింటారా? అలాగే అలవాటైపోయింది. "డబ్బా వాళ్ళదైనా ప్లగ్గు మనదే కదమ్మా" అని ఎప్పటిలాగే ఇంటింటికీ వెళ్ళి, ఆపి, దుమ్ము దులిపి, అట్టముక్క తగిలించి వస్తున్నారు. మీరు లోపల రాసుకుంటున్న వేళకే ఈయన పైన పీకుతున్నారు. డబ్బాలు పోతుంటే "స్క్రూ లేనిదాని బతుకు ఇంతే" అని తీర్పు కూడా చెప్పారు.

నవ్వడం అయిపోయింది. ఇప్పుడు నీకు రాయకుండా దాచింది రాస్తాను.

మామగారు బాగానే ఉన్నారని రాశాను చూశావా, అది అబద్ధం. మీ డబ్బాలు వచ్చాక మా తలుపు తట్టేవాళ్ళు లేరు. మొదట్లో బెల్ మోగితే ఆయనే లేచేవారు. పాలవాడో ఇస్త్రీ మనిషో వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి లేవడం మానేశారు. "నువ్వు చూడమ్మా, నాకోసం అయ్యుండదు" అనేవారు. పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని, కుర్చీలో కూర్చునేవారు. అంతే. సాయంత్రం అదే చొక్కా విప్పి తగిలించేవారు. ఆయనకి మిగిలింది ఆ ఆదివారం ఒక్కటే. అందుకే నేను ఏమీ అనలేదు.

పోయిన ఆదివారం డబ్బాలు పోయాక, టీచరమ్మ మీ కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారట. పాట అయ్యాక ఇంకో పాట. చివరికి పరుగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చింది. "మీరే ఏదో ఒకటి చెయ్యండి, పిల్లలకి రేపు పరీక్ష" అంది. మామగారు ఆ సబ్బుబిళ్ళని చేతిలో పట్టుకుని, "నా చేతిలో ఏమీ లేదమ్మా" అన్నారు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గరనుంచి ఆయన నోట ఆ మాట నేను వినలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, ఉల్లిపాయలు తరుగుతున్నట్టు.

సినిమా ఆగకపోతే ఏమిటి, ఆగితే ఏమిటి? వద్దు మాకు మీ డబ్బా. మా ఇంట్లో వస్తువు మాట మా ఇంట్లో మనిషి వినాలి గానీ!

మళ్ళీ అడుగుతున్నాను, సూటిగా చెప్పు. మా బిల్డింగ్‌ని ఎంచింది ఎవరు?

వదిన


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు

వదినా,

నేనే.

ప్రయోగానికి ఏయే బిల్డింగులు అని అడిగితే మొట్టమొదట మీదే రాశాను. నాన్న ఒకసారి ఫోన్‌లో "పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళొచ్చేసరికి ఆయాసం వచ్చిందే" అన్నారు. అది మనసులో పడిపోయింది. ఆ మెట్లు తప్పిద్దామనుకున్నాను. ఆయన మెట్లెక్కేది రూటర్ కోసం కాదని నాకు ఎలా తెలుస్తుంది, నేను అక్కడ ఉంటేగా? నీ ఉత్తరం చదివి బాత్‌రూమ్‌లోకి వెళ్ళాను. మా ఆఫీసులో ఉల్లిపాయలు లేవు.

అయినా ఒక మాట. నాన్న తప్పు కూడా ఉంది, కోప్పడకు. మీ బిల్డింగ్ నుంచి మావాళ్ళు తెప్పించిన మీ పాత రూటర్లు పరీక్ష చేశాం. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్! ఎవరైనా మరిచిపోతే చెప్పడానికి తేలికని పెట్టి ఉంటారు. ఆ పాస్‌వర్డ్ పక్క బిల్డింగ్‌కీ, ఎదుటి మంగలి దుకాణానికీ, దారినపోయేవాళ్ళకీ అందరికీ తెలుసు. టీచరమ్మ ఆ నెట్ మీదే పిల్లల మార్కులన్నీ పెట్టుకునేది. ఎవడైనా దుర్మార్గుడు దూరి ఉంటే? అదృష్టం బాగుండి దూరలేదు. నాన్న చేతి మంచితనం వేరు, తాళం వేరు.

నిన్న మీటింగ్ జరిగింది. పెద్దాయన జాలీల గురించి మొదలుపెట్టాడు. నేను లేచి, "అయ్యా, ఇల్లు కట్టిన మేస్త్రీ తలుపుకి గట్టి తాళం పెట్టించొచ్చు. కానీ తాళంచెవి తన జేబులో వేసుకుని పోతే ఆ ఇంటివాళ్ళు ఎక్కడ పడుకోవాలి?" అన్నాను. అది నీ మాటే. గడియకి ఊరవతలివాళ్ళ అనుమతేమిటి అన్నావు కదా, దానికి కాస్త రంగు పూశాను. గదంతా నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. "ఆ ప్లగ్గులు పీకింది ఎవరో తెలిసిందా?" అని అడిగాడు.

"తెలిసిందండీ, మా నాన్న" అన్నాను.

పెద్దాయన నావైపు చూసి, "అయితే రిపోర్టు జాగ్రత్తగా రాయి" అన్నాడు. కోపంతో అన్నాడో నవ్వాపుకుని అన్నాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

వదినా, నీకు పుణ్యముంటుంది, ఆదివారం తనిఖీవల్లే డబ్బాలు పోతున్నాయని నాన్నకి నువ్వే చెప్పు. నాకు ధైర్యం చాలడం లేదు. ఫోన్‌లో ఆయన గొంతు వింటే నేను చెప్పలేను.

నీ
పనికిమాలిన మరదలు


కళ్ళజోళ్ళ దుకాణం,
మధ్యాహ్నం భోజనం మానేసి

పనికొచ్చే మరదలా,

చెప్పాను. నీ పని పక్కవాళ్ళ నెత్తిన పెట్టడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటని మీ అన్నయ్య అంటే నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

శనివారం సాయంత్రం ఆయన మెట్ల దగ్గర కూర్చుని లిఫ్టు వచ్చిపోయే చప్పుడు వింటున్నారు. పక్కన కూర్చుని, లోపలి రాత చెరపడం, మళ్ళీ రాయడం, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో, అన్నీ చెప్పాను. అడ్డు రాకుండా విన్నారు.

"అయితే వాటిని చంపింది నేనా?" అన్నారు.

తల ఊపాను.

"టీచరమ్మ పిల్లల పరీక్ష పోయింది నావల్లా?"

"మీకు తెలియదు కదా మామయ్యగారూ."

"తెలియకపోవడమేంటమ్మా! లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా లిఫ్టు ఆపడం మా పనిలో మహాపాపం. ముందు తలుపు మీద కొట్టి, 'ఎవరైనా ఉన్నారా?' అని అరిచి, జవాబు రాకపోతేనే మీట తిప్పాలి. నా చేతికింద పనిచేసిన ప్రతివాడికీ నేను నేర్పిన మొదటి పాఠమది." అంతలోనే గొంతు పెరిగింది. "అవునుగానీ, నా ఇంట్లోకొచ్చి, నా గోడమీది డబ్బాలో దూరి, లోపల కూర్చుని పని చేసుకుంటూ, 'ఉన్నాను' అని ఒక్కమాట చెప్పరా వాళ్ళు? వాళ్ళకి పాఠం నేర్పినవాడెవడూ లేడా?"

నిజమే కదే! చెప్పి దూరితే ఏం పోతుంది మీకు?

ఆ మర్నాడు ఆదివారం. భోజనం అవగానే చొక్కా వేసుకున్నారు. మళ్ళీ ఆపడానికే అనుకున్నాను. కానీ ఆపడానికి కాదు, చెప్పడానికి వెళ్ళారు. ప్రతి వాటాకీ వెళ్ళి, "మీ డబ్బా నావల్ల పోయింది, మన్నించండి" అని చెప్పి వచ్చారు. తలొంచుకుని వెళ్ళిన మనిషి వచ్చేసరికి చీకటి పడబోతోంది. ఏమైందంటే, ఎవరూ ఊరికే పంపలేదట. ఒకరింట్లో ఫ్యాను చప్పుడు చేస్తోందట, ఒకరింట్లో బీరువా తలుపు పడటం లేదట. పళ్ళ డాక్టరు కుర్చీ పైకి లేవనంటోందట. స్క్రూడ్రైవర్‌కి చేతినిండా పని. చాలారోజుల తర్వాత ఆయన రెండోసారి అన్నం వడ్డించుకున్నారు.

ఒకే పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాను. అది మాత్రం ఒప్పుకోలేదు. "మన బిల్డింగ్‌లో దొంగలెవరమ్మా?" అన్నారు. మంగలి దుకాణం సంగతి చెప్పాక, "అందుకా వాడు నా దగ్గర క్షవరానికి డబ్బులు వద్దన్నాడు" అని ఆలోచనలో పడ్డారు.

పడుకోబోయేముందు, "మన బిల్డింగ్‌నే ఎందుకు ఎంచారో అమ్మాయికి తెలుసేమో" అన్నారు. నేను గ్లాసులు కడుగుతున్నట్టు నటించాను.

ఉంటాను,
వదిన


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు,
ఎండ నా బల్ల మీదే పడుతోంది

బంగారు వదినా,

రిపోర్టు ఇచ్చేశాను. పెద్దాయన సంతకం పెట్టాడు! సణిగాడు, కలం విదిలించాడు, కిటికీలోంచి చూశాడు, పెట్టాడు.

ఏం రాశానో విను. కంపెనీ రూటర్ కావాలన్నవాళ్ళకి ఇస్తాం, మేమే చూసుకుంటాం. బీరువాలో పెట్టే ఆయనకీ, చేపలావిడకీ అదే మంచిది. సొంతది పెట్టుకుంటామన్నవాళ్ళని బలవంతపెట్టం. మాది తీసుకున్నా పాస్‌వర్డ్ ఇంటివాళ్ళ చేతిలోనే ఉంటుంది, మాకు చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళి ఏదైనా మార్చాలంటే ముందురోజే చెప్పాలి, వాళ్ళు "ఇప్పుడు కాదు" అంటే ఆగాలి. ఇది రాసేటప్పుడు "తలుపు మీద కొట్టి అరవాలి" అనే రాశాను, పెద్దాయన కొట్టేసి "ముందస్తు సమాచారం" అని పెట్టాడు. పాటలు వినిపించే ఫోన్ కూడా వద్దన్నాను. మా రూటర్ తీసుకున్న ప్రతి ఇంటికీ ఇక్కడ ఒక మనిషి ఉంటారు. ఆ మనిషి నెలకోసారి ఫోన్ చేసి బాగోగులు అడగాలి.

మీ బిల్డింగ్‌కి కాగితాలు పంపిస్తున్నాం. ఎవరికి ఏది కావాలో గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. అక్కడ మా డబ్బా ఒక్కటి కూడా మిగలదని నాకు తెలుసు. మిగలకపోతేనే నాకు సంతోషం. నాన్నకి ఆయన తలుపు ఆయనకి దక్కాలి, అంతే. పాస్‌వర్డులు మాత్రం వేరువేరుగా పెట్టించు తల్లీ.

నీ పేరు చెప్పుకుని నెగ్గిన
మరదలు


కళ్ళజోళ్ళ దుకాణం,
ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో

మరదలా,

కాగితాలు వచ్చాయి. నిన్న కింద మెట్ల దగ్గర బల్ల వేసి అందరూ చేరారు. పెళ్ళి సందడిలా ఉంది. లెక్కల టీచరమ్మ మాత్రం కాస్త ఊగిసలాడింది. "నాకు క్లాసులున్నప్పుడు ఆపకూడదు మరి" అంది. "నీ క్లాసులు ఎప్పుడో ముందే చెప్పు, ఆ వేళకి నేను మీ వీధి గుమ్మం కూడా తొక్కను" అన్నారు మామగారు. టిక్కు పెట్టేసింది. మీ రూటర్‌కి దండం పెట్టిన డాక్టరు కూడా కుర్చీ బాగుచేయించుకున్న మొహమాటంకొద్దీ సొంతదానికే పెట్టాడు. అందరూ అంతే. ప్రతి కాగితమూ "ఇదిగోండి, మాదీ మీరే చూడాలి" అంటూ ఆయనకే చూపించి పెట్టారు. మామగారి ముఖం చూడాలి నువ్వు! ముసిముసి నవ్వులు దాచుకోవడానికి మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకున్నారు.

చివరికి మన ఇంటి కాగితం మిగిలింది. ఆయనే నింపి మీ అన్నయ్యకిచ్చారు. మీ అన్నయ్య చూసి, "నాన్నా, పొరపాటున రెండో గడిలో పెట్టారు. ఇది కంపెనీ రూటర్‌కి" అన్నాడు.

"పొరపాటేం కాదు."

"అదేంటి నాన్నా! బిల్డింగ్ మొత్తం మీదగ్గరకొస్తే మీరు కంపెనీకి పోతారా?"

"వీళ్ళ డబ్బాలు చూడటానికి నేనున్నాను" అన్నారు. "మరి నాది ఎవరు చూస్తారు? అక్కడ మా అమ్మాయుంది, అది చూస్తుంది."

నేను ఊరుకోలేక, "మామయ్యగారూ, అమ్మాయి ఆ విభాగంలోనే ఉందని మీకెలా తెలుసు?" అన్నాను.

"ఎన్నో ఊళ్ళున్నాయి, ఎన్నో వీధులున్నాయి. వెతుక్కుంటూ వచ్చి ఈ పాత బిల్డింగ్‌ని గుర్తుపెట్టుకుని ఎంచేది మా అమ్మాయి కాక ఇంకెవరమ్మా? గేటు మీద కాగితం చూసినరోజే అనుకున్నాను" అన్నారు.

కాగితం అడుగున ఖాళీ జాగాలో ఏదో రాశారు. నేను చదవలేదు, చదవనివ్వలేదు. మడిచి కవర్లో పెట్టి నాలికతో తనే తడిపి అంటించారు. ఈపాటికి నీ బల్లమీదకి వచ్చే ఉంటుంది.

ఏం రాశారో నాకు చెప్పకపోతే చూడు!

వదిన


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు,
నా కుర్చీ

వదినా,

"ఫోన్ మా అమ్మాయే చేయవలెను" అని రాశారు. అంతే.

మీ బిల్డింగ్ చుక్కలన్నీ తెర మీదనుంచి పోయాయి. ఒక్కటే పచ్చ చుక్క మిగిలింది. పెద్దాయన వచ్చి చూసి, "ఒక్క ఇంటికోసం ఒక మనిషా?" అన్నాడు. "కాగితం మీద మీ సంతకమే ఉందండీ" అన్నాను. వెళ్ళిపోయాడు.

ఇవాళ మొదటి ఫోన్ చేశాను. పక్కన అందరూ వింటున్నారు. నిబంధన ప్రకారం ఎలా మాట్లాడాలో అలాగే మొదలుపెట్టాను.

"నమస్కారమండీ, ఇంటర్నెట్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. మీ రూటర్ బాగా పనిచేస్తోందాండీ?"

"పనిచేస్తోందండీ" అన్నారు నాన్న, ఆయన కూడా ఎవరో అన్నట్టు.

"మా సేవలతో మీకేమైనా ఇబ్బంది ఉందాండీ?"

"ఉందండీ. ఒక ఫిర్యాదు ఉంది."

"ఏమిటండీ?" అన్నాను.

"నెలకోసారి ఫోన్ చేస్తామని కాగితంలో వేశారు. చాలదండీ."

వదినా, పక్క కుర్చీలో అమ్మాయి నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన అటు ఫోన్ పట్టుకుని కదలకుండా ఉన్నారు, ఊపిరి వినబడుతోంది. చివరికి, "నమోదు చేసుకున్నానండీ" అన్నాను.

చేశాను కూడా. "పరిష్కరించవలసినవారు" అన్న చోట నా పేరే వేశాను.

నేను